అద్దం వెనక కోడిపుంజు

అతని జేబులో పెన్ను లేకపోయినా ఫరవాలేదు గాని, ఆరంగుళాల స్టీలు స్కేలు మాత్రం ఉండి తీరాలి. పెళ్లికి వెళ్లినా, పంటినొప్పికి డాక్టరు దగ్గరికి వెళ్లినా అది చొక్కా జేబులోంచి తల బయటపెట్టి లోకాన్ని చూస్తూ ఉండేది. టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసే ఆ షెడ్డులో అతన్ని పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. స్కేలు మాస్టారు, అంతే. ఇంట్లో భార్య కూడా కోపం వస్తే అలాగే పిలిచేది.

"స్కేలు మాస్టారూ, అన్నం చల్లారిపోతోంది. ఎన్ని మిల్లీమీటర్లు చల్లారిందో కొలుచుకుని మరీ తినండి."

అచ్చు పనిలో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీను, అంటే రంగు కిందికి దిగే జాలీ చట్రం, ఉంటుంది. బల్ల మీద టీషర్టు పరిచి, ముందు నల్లగీత వేస్తారు. అది ఆరాక మరో స్క్రీను దించి ఎరుపు వేస్తారు. స్క్రీను వెంట్రుకవాసి జరిగినా చాలు, పెదవి మీద ఉండాల్సిన ఎరుపు గడ్డం మీదికి దిగిపోతుంది. అందుకే ఆయనకు ఆ స్కేలు పిచ్చి. కొత్తగా పనిలో చేరినవాళ్లను ఆయన తిట్టే తిట్టు పాతికేళ్లుగా ఒక్కటే.

"లాగి కొలుస్తావేంటయ్యా? లాగితే గుడ్డ నీకు కావలసిన మాట చెబుతుంది. వదిలెయ్. దాని ఇష్టానికి దాన్ని పడుకోనివ్వు. అప్పుడు కొలువు."

అలాంటి మనిషి చేతిలోనూ ఒకసారి తప్పు జరిగింది. ఆరేళ్ల కిందట ఒక గుడ్ల వ్యాపారి తన దగ్గర పనిచేసేవాళ్ల కోసం కోడిపుంజు బొమ్మతో రెండు వందల టీషర్టులు వేయమన్నాడు. నల్లగీతతో కోడి, దాని తలమీద ఎర్రజుట్టు. ఆ రోజే మాస్టారి తమ్ముడు కొత్తగా షెడ్డులో చేరాడు. వాడు పక్కన నిలబడి ఏదో నవ్వించే కబురు చెబుతుంటే మాస్టారు ఎరుపు స్క్రీనుకు బోల్టు బిగించడం మరిచిపోయాడు. రంగు లాగిన ప్రతిసారీ స్క్రీను కొంచెం కొంచెం పక్కకు జరిగింది. మొదటి టీషర్టులో జుట్టు తలను విడిచి సన్నని సందు వచ్చింది. రెండోదానిలో ఆ సందు ఇంకాస్త పెరిగింది. మూడోదానికి వచ్చేసరికి కోడి ఒకచోట, జుట్టు ఒకచోట. నాలుగోది పరుస్తుంటే ఆయన కళ్లు తెరుచుకున్నాయి.

యజమాని నోటికొచ్చినట్టు తిట్టి మూడింటినీ పాత గుడ్డల సంచిలోకి విసిరాడు. ఆ సంచి మోసుకెళ్లడం షెడ్డులో హమాలీ పని. ఆ హమాలీని అందరూ బస్తా అనేవాళ్లు. వాడు సంచిలో చెయ్యి పెట్టి పైనున్న మొదటి టీషర్టు తీసి ఒంటికి పెట్టుకు చూసుకున్నాడు.

"దీనికేం రోగం మాస్టారూ? కొంచెం క్రాఫు చెదిరింది, అంతేగా."

తమ్ముడు మూడోదాన్ని లాక్కున్నాడు. "నాకిదే కావాలి. చూడు అన్నయ్యా, మీ ఓనర్ని చూసి దీని జుట్టు భయంతో ఎగిరిపోయింది."

మిగిలింది రెండోది. తన తప్పును తనే ఛాతీ మీద వేసుకు తిరగడమా అని మాస్టారు వారం రోజులు దాన్ని ముట్టలేదు. తర్వాత ఒక సెలవురోజు వేరే ఉతికిన బట్ట లేక వేసుకున్నాడు. అంతే. నిద్రకు అదే, బజారుకు అదే, జ్వరమొస్తే అదే. ఆరేళ్లలో మెడ పీచులు తేలింది, చంకలు విడిపోయాయి, గుడ్డ పాత నోటు కాయితంలా మెత్తబడింది. భార్య మూడుసార్లు దాన్ని బల్ల తుడిచే గుడ్డ చేయబోయింది, మూడుసార్లూ ఆయన ఆమె చేతిలోంచి పీక్కున్నాడు.

చివరికి ఆమే దారి కనిపెట్టింది. ముందుగది గోడ మీద చెమ్మ మరక ఒకటి ఏటేటా పెరుగుతోంది. సున్నం వేసినా నిలవదు. పాత టీషర్టును ఫ్రేములో బిగించి గోడకు పెట్టుకోవచ్చని ఆమె ఫోనులో ఎక్కడో చూసింది. ఖర్చేమీ లేదు. పక్కింటివాళ్లు పారేసిన పగిలిన గోడ అద్దం ఫ్రేము, షెడ్డు నుంచి తెచ్చిన అట్టముక్క, గుండుసూదులు. గాజు ముక్క ఒక్కటే కొనాలి.

"మీ కోడిని గోడెక్కిద్దాం. మీకు కళ్లెదుట ఉంటుంది, నాకు మరక కనపడదు."

"నేనింకా బతికే ఉన్నానే. నా బట్టలు అప్పుడే గోడెక్కిస్తావా?"

"మిమ్మల్ని ఎక్కించడానికి అంత పెద్ద ఫ్రేము దొరకలేదు లెండి."

ఆమె టీషర్టును అట్టకు చుట్టి సూదులు గుచ్చింది. ఎక్కడ చూసినా ముడతలే. చూడలేక ఆయనే "ఇటివ్వు" అని తీసుకుని, నాలుగు వైపులా బలంగా లాగి, ఒక్క ముడత లేకుండా వెనక సూదులు దించాడు. గోడకు తగిలించాక తమ్ముడు దూరంగా నిలబడి తల అటూ ఇటూ వంచి చూశాడు.

"అన్నయ్యా, ఆరేళ్లు నీ ఒంటిమీద ఎండిపోయింది గాని, గోడెక్కగానే నీ కోడి లావెక్కింది."

ఇంట్లో అందరూ నవ్వారు. తల్లి అయితే కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. ఆమెకు చిన్నకొడుకు ఏమన్నా నవ్వే.

రెండు నెలలకు షెడ్డులో పని తగ్గింది. సగంమందిని మానిపించారు. ఆ సగంలో తమ్ముడూ ఉన్నాడు, బస్తా ఉన్నాడు. నదికి అవతల సిమెంటు గోడౌన్లో మనుషులు కావాలని తెలిసి ఇద్దరూ కలిసి బయలుదేరారు. ఇద్దరిదీ ఒకే ఎత్తు, ఒకే ఒళ్లు. జనంలో ఒకరికొకరు తప్పిపోకుండా ఉండటానికని ఇద్దరూ కోడి టీషర్టులే వేసుకున్నారు. కిందికి షెడ్డువాళ్లు ఇచ్చిన నల్ల ప్యాంట్లు.

వాళ్లెక్కిన లాంచీ నది మధ్యలో ఒరిగింది. కొందరు ఈదుకొచ్చారు. కొందరు శవాలై తేలారు. తొమ్మిదిమంది ఏమయ్యారో తెలియలేదు. ఆ తొమ్మిదిలో వీళ్లిద్దరు.

మాస్టారి తల్లి ఆ రోజు నుంచి గంజి తప్ప ముట్టలేదు. వీధిలో అడుగుల చప్పుడైతే చాలు, "చిన్నోడా?" అనేది. బస్తా భార్య రెండు వరుసల అవతల ఉండేది. కుట్టు కంపెనీలో తయారైన బట్టలకు వేలాడే దారాలు కత్తిరించే పని ఆమెది. రోజూ పొద్దున్నే కత్తెర కొంగుకు కట్టుకునే వచ్చేది, మాస్టారితో కలిసి రేవు దగ్గరి పోలీసు ఔట్‌పోస్టుకు వెళ్లేది. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్లు. ఎవరో ఒకరి పేరు పిలిచినప్పుడల్లా ఇద్దరూ లేచేవాళ్లు.

పదకొండో రోజు మధ్యాహ్నం ఎస్సై ఫోను చేశాడు. నదికి దిగువన చాలాదూరంలో ఒక శవం దొరికింది. మొహం గుర్తుపట్టేలా లేదు. జేబులో ఏమీ లేదు. నల్ల ప్యాంటు, కోడి బొమ్మ టీషర్టు.

మాస్టారు గోడకు ఆనుకున్నాడు. ఫోనులోనే అడిగాడు. "సార్, ఆ కోడి తలకూ ఎర్రజుట్టుకూ మధ్య సందుంటుంది. టీషర్టును బల్లమీద ఊరికే పరిచి, ఆ సందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపుతారా?"

"ఏంటయ్యా ఇది? మనిషిని గుర్తుపట్టమంటే కోడిని కొలవమంటావు?"

"దాన్నిబట్టే తెలుస్తుంది సార్."

ఆయన లెక్క సూటిగానే ఉంది. మొదటిది బస్తాది, రెండోది తనది, మూడోది తమ్ముడిది. సందు తనదానికన్నా తక్కువుంటే బస్తా. ఎక్కువుంటే తమ్ముడు. నీళ్లలో నానితే గుడ్డ కుంచించుకుపోదా అన్న అనుమానం లేదు. ఆరేళ్లు ఉతుకులు తిన్న గుడ్డ కుంచించుకోవాల్సినంతా ఎప్పుడో కుంచించుకుపోయింది.

ఫోటో వచ్చింది. ఎనిమిది మిల్లీమీటర్లు.

ఆయన జేబులోంచి స్కేలు తీసి గోడమీది ఫ్రేము దగ్గరికి వెళ్లాడు. గాజు మీదనే స్కేలు ఆనించి చూశాడు. తొమ్మిది. మళ్లీ చూశాడు. తొమ్మిదే. ఎరుపు రంగు నిండా సన్నని పగుళ్లు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. వయసైపోయిందిలే దీనికీ అనుకున్నాడు.

ఎనిమిది, తొమ్మిది కన్నా తక్కువ.

"అమ్మా," అన్నాడు. గొంతు అరిచినట్టు వచ్చింది. "మనవాడు కాదమ్మా."

తల్లి కొడుకు రెండు చేతులూ పట్టుకుంది. తర్వాత లేచి, తనే కంచం తెచ్చుకుని కూర్చుంది. పదకొండు రోజుల తర్వాత అన్నం తింది. తింటూ, "ఏ ఆసుపత్రిలో ఉన్నాడో. మాట పడిపోయి ఉంటుంది, అందుకే పేరు చెప్పలేకపోతున్నాడు. నువ్వు ఇంకా దూరం ఆసుపత్రులన్నీ చూడు పెద్దోడా" అంది. భార్య మాత్రం వంటింటి గుమ్మంలోనే నిలబడి, "మరి ఆ పిల్లకెవరు చెబుతారు?" అంది.

ఆయనే వెళ్లాడు. బస్తా భార్య గుమ్మంలో కూర్చుని ఆరిన బట్టలు మడతపెడుతోంది. ఆయన నడకను చూసే ఆమె చేతిలో మడత ఆగిపోయింది.

"అన్నయ్యా, చెప్పండి."

"ఒకరు దొరికారమ్మా. టీషర్టు కొలిచాను."

"మా ఆయనేనా?"

ఆయన తలూపాడు. ఓదార్పు మాటలు నాలుగు చెప్పాడు. చెబుతున్నాడు గాని, లోపల ఇంకెక్కడో ఒక పాట లాంటిది నడుస్తోంది. మనవాడు కాదు, మనవాడు కాదు. దాన్ని మొహం మీదికి రానివ్వకుండా తల దించుకున్నాడు. ఆమె ఏడవలేదు. భర్త చొక్కా ఒకటి మడతపెట్టి, విప్పి, మళ్లీ మడతపెట్టింది.

మర్నాడు పొద్దున ఇద్దరూ బస్సెక్కారు. పోల్చి చూడటానికి ఇంట్లో ఉన్నది తెమ్మని ఎస్సై చెప్పాడు. ఫ్రేమును దుప్పట్లో చుట్టి మాస్టారు ఒళ్లో పెట్టుకున్నాడు. చాలాసేపు ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

"తప్పు పోయే వీలేమీ లేదు కదా అన్నయ్యా?"

"లేదమ్మా. నా పనే అది."

"అవునులెండి. మీరు కొలిస్తే తిరుగేముంది." మళ్లీ తనే అంది. "మీ తమ్ముడైనా దొరకాలి. ఇద్దరూ ఒకేసారి పోతే మరీ అన్యాయం."

ఆయన దుప్పటి ముడి సరిచేసుకున్నాడు.

మార్చురీ పక్కగదిలో ఇనుపబల్ల మీద ఒక ప్లాస్టిక్ షీటు, దానిమీద ఆ టీషర్టు. కడిగి ఆరబెట్టారు. బురద రంగు మాత్రం పోలేదు. అటెండరు ముక్కుకు గుడ్డ కట్టుకుని మూల నిలబడ్డాడు. ఎస్సై కాయితాలు సిద్ధంగా పెట్టాడు.

"డీఎన్‌ఏ పరీక్షకు పంపితే మూడు నెలలు పడుతుంది. అప్పటిదాకా శవాన్ని ఉంచే చోటు లేదు. బట్టలతో గుర్తుపట్టామని మీరు రాసిస్తే ఇవాళే ఇచ్చేస్తాం." బస్తా పేరు రాసిన కాయితం ఆమె ముందుకు జరిపాడు. ఆమె పెన్ను అందుకుంది.

"మీ దాని ఫోటో కూడా ఫైల్లో పెట్టాలి" అన్నాడు మాస్టారితో. రెండుసార్లు ఫోను ఎత్తి దించాడు. "గాజు మీద లైటు పడి ఏమీ కనపడట్లేదు. బయటికి తీసి దీని పక్కన పరుచు."

మాస్టారు ఫ్రేమును బోర్లించి అట్ట తీశాడు. ఒక్కో గుండుసూదీ పీకి బల్ల అంచున పెట్టాడు. పై వరుస అయిపోయింది. పక్క వరుస మొదలుపెట్టాడు. చివరి సూది వదలగానే గుడ్డ చిన్నగా నిట్టూర్చినట్టు లోపలికి సర్దుకుంది. అట్ట మీద బిగుసుకుని ఉన్నదల్లా వదులై, ముడతలు పడి, మళ్లీ ఆయన పాత టీషర్టు అయిపోయింది. ఎరుపులోని పగుళ్లు మూసుకున్నాయి. లావెక్కిన కోడి చిక్కిపోయింది.

స్కేలు తీయకముందే ఆయనకు తెలిసిపోయింది. పాతికేళ్ల కళ్లు అవి. అయినా తీశాడు. రెండింటినీ పక్కపక్కన పరిచి, అరచేత్తో తాకకుండా, గుడ్డను దాని ఇష్టానికి వదిలి కొలిచాడు.

తనది ఏడు.

శవం మీదిది ఎనిమిది.

మళ్లీ కొలిచాడు. మూడోసారీ కొలిచాడు. ఏడు, ఎనిమిది. తనదానికన్నా ఎక్కువ. మూడో టీషర్టు. వాడే.

"అయిందా?" అన్నాడు అటెండరు.

ఆయన స్కేలు చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. ఎదురుగా ఆమె కాయితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో ఎస్సైని అడుగుతోంది. నిన్న రాత్రి తల్లి రెండోసారి అన్నం పెట్టించుకుంది. ఈ పొద్దున ఆయన బస్సుకు వెళ్తుంటే, దారిలో ఆసుపత్రి కనపడితే దిగి చూడమంది. ఈ పిల్ల ఏడవాల్సిన ఏడుపు రాత్రే ఏడ్చేసి ఉంటుంది. స్కేలు తీసి జేబులో పెట్టుకుంటే చాలు. ఈ గదిలో ఇంకెవరికీ మిల్లీమీటరుతో పనిలేదు. అమ్మ మరో పదేళ్లు ఎదురుచూస్తూ బతుకుతుంది. తమ్ముణ్ణి బస్తా పేరుతో సాగనంపుతారు.

ఆమె పెన్ను కాయితానికి ఆనించింది.

"అమ్మా, సంతకం పెట్టకు."

"ఏం అన్నయ్యా?"

"వీడు మావాడు."

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలాడు. "నిన్న కాదన్నావు కదయ్యా? రాత్రికి రాత్రి కోడి పెరిగిందా?"

"నిన్న గుడ్డను లాగి కొలిచాను సార్."

ఎస్సైకి అర్థం కాలేదు. అటెండరుకు అసలే కాలేదు. గుడ్డల మధ్య బతికే మనిషి కాబట్టి ఆమెకు అర్థమైంది. సూదుల కుప్పనూ, ఖాళీ ఫ్రేమునూ, బల్లమీద వదులుగా పడుకున్న రెండు కోళ్లనూ చూసింది. పెన్ను కింద పెట్టింది. లేచొచ్చి, రెండు పిడికిళ్లూ బిగించి మాస్టారి ఛాతీ మీద కొట్టింది. ఒకసారి, రెండోసారి. చేతిలోని స్కేలు జారి గచ్చు మీద పడి ఖంగుమంది.

"రాత్రంతా ఆయన్ని చంపేశావు! తెల్లవార్లూ చచ్చిపోయాడనే ఏడ్చాను నేను. ఇప్పుడు బతికించావా? ఏమనాలి నిన్ను?"

ఆయన కదలకుండా నిలబడి దెబ్బలు తిన్నాడు. ఎస్సై లేవబోతే చేత్తోనే వద్దన్నాడు. ఆమె చేతులు అలిసిపోయాయి. అక్కడే నేలమీద కూలబడి అప్పుడు ఏడ్చింది. భర్త బతికున్నాడని కాదు. ఇంకా దొరకని ఎనిమిదిమందిలో ఉన్నాడు, అంతే. రేపటినుంచి మళ్లీ ఆ బెంచీ మీద కూర్చోవాలి. ఈసారి ఒక్కతే.

ఎస్సై పాత కాయితం చింపి కొత్తది తీశాడు. మాస్టారు తమ్ముడి పేరు చెప్పాడు. చనిపోయిన వ్యక్తికి ఏమవుతారు అని ఉన్నచోట అన్న అని రాసి సంతకం చేశాడు. అక్షరాలు గీత దాటి కిందికి జారాయి. బండి సాయంత్రానికి గాని రాదన్నారు. ముందుగా ఇంటికెళ్లి మనుషులను తెచ్చుకోమన్నారు.

బయట ఎండ తెల్లగా కాస్తోంది. ఆయన మెట్లమీద కూర్చుండిపోయాడు. అన్నం తిన్న తల్లి దగ్గరికి ఏ మొహం పెట్టుకు వెళ్లాలి? ఎలా మొదలుపెట్టాలి? అమ్మా, నేను తప్పు కొలిచాను. అంతకుమించి ఒక్క మాట తోచలేదు. ఆమె వెనకాలే వచ్చి నిలబడింది. కళ్లు తుడుచుకున్న కొంగుతోనే మొహమంతా తుడుచుకుంది.

"పద అన్నయ్యా. పెద్దమ్మ దగ్గరికి నేనూ వస్తా."

"వద్దమ్మా. నిన్న నీ దగ్గరికి ఒక్కడినే వచ్చాను. అమ్మ దగ్గరికీ ఒక్కడినే వెళ్తాను."

"నిన్న నాకు చెప్పేటప్పుడు నీకు కష్టం లేదు" అంది ఆమె. ఆ మాటలో కోపం లేదు. ఉన్నమాట చెబుతున్నట్టు అంది. "తల దించుకున్నావు గాని, నాకు కనపడింది. నీ చోట నేనున్నా అంతే. ఇవాళ వేరు. ఇవాళ నీ ఒక్కడివల్ల కాదు. లే."

ఆయన తలెత్తి ఆమె వైపు చూడలేకపోయాడు. చెయ్యి అందిస్తే పట్టుకుని లేచాడు. బస్టాపు దాకా ఆమె ముందు నడిచింది.